బూచోడి ముద్ద మీద టిష్యూ ప్యాకెట్టు

వినండి బాబూ వినండి! చెవుల్లో ఇయర్‌ఫోన్లుంటే ఊడదీసి మరీ వినండి!

శ్రీమద్ధనుర్మాసమున, హేమంతమని పంచాంగం ఎంత మొత్తుకున్నా చెమట తప్ప చలి ఎరగని సింగపూరు మహాద్వీపమున, జొహోరు జలసంధికి ఇవతలి ఒడ్డున, పూర్వం తెల్లదొరల యుద్ధనౌకలు లంగరు వేసిన సెంబవాంగ్ పట్టణమున, క్రిస్మస్‌కి ముందటి రోజు మధ్యాహ్నం, మేఘుడు కుళాయి కట్టడం మరిచిపోయి ఊరికెళ్ళిపోయినట్టు కుండపోతగా వాన కురుస్తోంది. ఎంతటి వానంటే, జలసంధిలో చేపలు తడిసిపోతామని హడలిపోయి బస్టాపు కప్పు కిందికొచ్చి నిలబడ్డాయి. అంతటి వర్షధారాపరంపరల నడుమ, మబ్బుల నడుముకి తగిలే ఎత్తున ఉన్న ఒక ఫ్లాట్‌లో, భోజనాల బల్ల మీద, ఘోరాతిఘోరమైన సంగ్రామం ఒకటి జరిగింది.

ఆ రేవులోకొచ్చిన నౌకలన్నీ చూసిన యుద్ధాలు ఒక ఎత్తు, ఈ యుద్ధం ఒక్కటీ ఒక ఎత్తు. వాటిలో రాజ్యాలు పోయాయి. ఇందులో పోబోయింది ఒక నాన్నమ్మ చేతి ముద్ద.

ఆ నాన్నమ్మ పేరు వరలక్ష్మమ్మ. గరిటెహస్త! నేతిగిన్నెధారిణి! బూచినామమంత్రోపాసనాధురంధర! ఆవిడ ముత్తాత చీకాకోలు సముద్రతీరంలో ఓడెక్కి ఈ దీవిలో దిగినప్పుడు వెంట తెచ్చుకున్న ఆస్తి రెండే రెండు: ఒక ఇత్తడి చెంబు, ఒక బూచోడు. చెంబు ఎక్కడో పోయింది. బూచోడు మాత్రం జీతం లేకుండా, సెలవు లేకుండా, తరతరాలుగా ఆ ఇంట్లో కొలువు చేస్తూనే ఉన్నాడు. ధనుర్మాసం తెల్లవారుజామున డమరుకం వాయించుకుంటూ వచ్చే బుడబుక్కలవాణ్ణి చూపించి పిల్లల చేత అన్నం తినిపించిన ఊరి బూచోడాయె, అందుకని ఈ నెలలో అతగాడికి బలం రెట్టింపు.

ఆ బూచోడి సాయంతోనే వరలక్ష్మమ్మ కొడుకు విష్ణుని పెంచి పెద్ద చేసింది. విష్ణు ఇప్పుడు నలభై దాటినవాడు, ఆఫీసులో పదిమంది చేత పని చేయించేవాడు. అయినా సరే, కంచంలో ఒక్క మెతుకు వదలాలంటే ముందు తలుపు వైపు చూసి, గడియ వేసి ఉందో లేదో చూసుకుంటాడు.

ఆవిడ దివ్యాస్త్రం పేరు ముద్దాస్త్రం. వేడివేడి పప్పన్నంలో నెయ్యి పోసి కలిపి, కంచం చుట్టూ గుండ్రంగా ముద్దలు పేర్చి, ఒక్కొక్కదానికి నామకరణం చేసేది. "ఇది తాత ముద్ద, ఇది నాన్న ముద్ద, ఇది అమ్మ ముద్ద, ఇది పిల్లి ముద్ద. ఇదిగో, ఈ ఆఖర్ది బూచోడి ముద్ద. ఇది నువ్వు తినకపోతే ఆడొచ్చి తినేసి, ఆనక నిన్ను కూడా తింతాడు!" ఈ అస్త్రానికి ఎదురు నిలిచిన బిడ్డ ఆ వంశంలో పుట్టలేదు.

పుట్టలేదంటే, ధనశ్రీ పుట్టేదాకా పుట్టలేదు.

ధనశ్రీ వరలక్ష్మమ్మ మనవరాలు. ఐదేళ్ళది. జటాద్వయవిరాజిత! వజ్రకవాటసదృశబద్ధోష్ఠ! ఆ పిల్ల పెదాలు బిగించిందంటే, పాత రేవులో ఉన్న క్రేన్లన్నీ కలిసి లాగినా రెండు పళ్ళ మధ్య చీమ దూరేంత సందు కూడా ఏర్పడదు.

ఈ బాలిక చేతికి ప్రత్యస్త్రం ఎలా దొరికిందంటే, ఒక ఆదివారం నాడు తాత రామదాసు ఆమెను టిఫిన్ కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌కి తీసుకుపోయాడు. అక్కడ జనం పళ్ళేలు పట్టుకుని, పాదం మోపే చోటు లేక అల్లాడుతున్నారు. ఆ జనసముద్రం నడిమధ్యన ఒక ఖాళీ బల్ల, దాని మీద ఒక చిన్న టిష్యూ ప్యాకెట్టు. ఒక్కడంటే ఒక్కడు దాని దరిదాపులకి పోవడం లేదు.

"తాతా, వై నోబడీ సిట్?"

"ఎవులో చోప్ చేసీసేరమ్మా. ప్యాకెట్టు పెట్టీసేరు గదా, ఇంక అది ఆళ్ళదే. మనం ముట్టకూడదు."

"ఈవెన్ నోబడీ దేర్?"

"ఎవులూ లేకపోయినా సరే."

అయిపోయింది. ఆ చిన్ని బుర్రలో బ్రహ్మజ్ఞానం తళుక్కుమంది. మర్నాడు వరలక్ష్మమ్మ ముద్దాస్త్రం సంధించి "ఇది తాత ముద్ద" అనగానే, ధనశ్రీ గౌను జేబులోంచి ఒక టిష్యూ ప్యాకెట్టు తీసి ఆ ముద్ద పక్కన పెట్టింది.

"దెన్ ఐ కెనాట్ ఈట్ లా, నాన్నమ్మా. తాతా వన్. చోప్ ఆల్రెడీ."

నాన్న ముద్దకొక ప్యాకెట్టు. అమ్మ ముద్దకొక ప్యాకెట్టు. పిల్లి ముద్దకొకటి. వరలక్ష్మమ్మ కంగారుగా తన బ్రహ్మాస్త్రమే బయటికి తీసింది. "ఏటే, బూచోడి ముద్ద కూడా తినవేటి? ఆడొచ్చీగల్డు చూసుకో!"

"లెట్ హిమ్ కమ్ లా. హిజ్ ముద్ద, వాట్." ధనశ్రీ దాని పక్కన కూడా ఒక ప్యాకెట్టు పెట్టి, జాలిగా తలాడించింది. "పూర్ థింగ్. హీ మస్ట్ బీ వెరీ హంగ్రీ."

ఆ దెబ్బకి తరతరాల బూచోడు కుప్పకూలిపోయాడు. అది మొదలు రోజూ అదే తంతు. కంచం నిండా ముద్దలు, ముద్దముద్దకీ ప్యాకెట్టు, దూరం నుంచి చూస్తే తెల్లజెండాలు పాతిన కోటలాగా. ఆ జెండాలు మాత్రం లొంగిపోయినవాళ్ళవి కావు, గెలిచినవాళ్ళవి.

ఇక్కడ, ఆ వాన మధ్యాహ్నం పూట, తారాదేవి అడుగుపెట్టింది. తారాదేవి వరలక్ష్మమ్మ కోడలు. చెడ్డ కోడలు కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటూ, రెండు మీటింగుల మధ్య బయటికొచ్చి, ఎండిపోతున్న ముద్దల్ని చూసి, ఎంతో ప్రేమగా పిడుగు వేసింది.

"అత్తయ్యా, రోజూ గంటలు గంటలు కూర్చుంటారు, అదేమో మెతుకు ముట్టదు. మీ మోకాళ్ళు చూడండి ఎలా వాచాయో. జనవరి నుంచి కిండర్‌గార్టెన్‌లోనే లంచ్ కూడా పెట్టేస్తారంట. నగ్గెట్స్ అయితే అదే తినేస్తది. ఇవాళ సాయంత్రంలోపు వాళ్ళకి ఫోన్ చేసి చెప్పేయాలి."

"మరి మధ్యాన్నం నానేటి సెయ్యాలమ్మా?"

"రెస్ట్ తీసుకోండి."

రెస్ట్! ఆ రెండక్షరాలు విని గరిటెహస్త గరిటె కింద పెట్టేసింది. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో మధ్యాహ్నం అంటే ఒక పిల్ల నోరు, ఆ నోటికెదురుగా తన చెయ్యి. ఇక మీదట మధ్యాహ్నం అంటే ఒక సోఫా, సోఫాలో ఒక తాత, తాతకెదురుగా ఒక టీవీ.

"ఒక్క ముద్ద తింతే?" అంది వరలక్ష్మమ్మ.

తారాదేవి మెత్తబడింది. "సరే అత్తయ్యా. ఇవాళ మీ చేత్తో ఒక్క ముద్ద తింటే, ఆ లంచ్ వద్దని నేనే ఫోన్ చేసి చెప్తాను." అని మళ్ళీ మీటింగులోకి వెళ్ళి తలుపేసుకుంది.

అప్పుడా వీరమాత ఊపిరాడక కారిడార్‌లోకి వచ్చి నిలబడింది. నిలబడి, పక్క ఫ్లాట్ ముందున్న బట్టల స్టాండు వైపు చూసింది. చూసి, నిర్ఘాంతపోయింది. స్టాండు మీద లుంగీకీ తువ్వాలుకీ మధ్యన, నిలువెల్లా నల్లబొచ్చుతో, మెలితిరిగిన కొమ్ములతో, జానెడు ఎర్రనాలుక వేలాడేసుకుని, ఒక భీకరాకారం క్లిప్పులకి వేలాడుతోంది.

ఇంకొకరైతే కెవ్వుమనేవారు. వరలక్ష్మమ్మ మాత్రం తప్పిపోయిన చుట్టం కనబడ్డట్టు రెండు చేతులూ చాచింది.

పక్కింటి హుమా బయటికొచ్చింది. హైదరాబాదు పిల్ల, భర్త ఫసియుద్దీన్‌తో కలిసి ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడింది.

"భయపడకుండ్రి ఆంటీ, అది క్రాంపస్. మొన్న ఆస్ట్రియా పోయినప్పుడు మా ఆయన ముచ్చటపడి తెచ్చిండు. ఆడ క్రిస్మస్ దినాలల్ల సాంటా తాత మంచి పిల్లలకు గిఫ్టులిస్తడు గదా, మాట విననోళ్ళను ఈడు బరిగెతోని కొట్టి, బుట్టల ఏసుకొని పోతడంట. సాయంత్రం బ్లాక్ కింద పార్టీ ఉంది, ఈయన ఏసుకుంటడంట. నక్కో అన్న. వింటడా?"

"అలమాక్!" అని వరలక్ష్మమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అంటే ఆళ్ళ బూచోడన్నమాట! అన్నం తినని పిల్లల కాడికి కూడా వస్తాడేటి?"

"అది నాకు తెల్వదు ఆంటీ."

"వస్తాడమ్మా. ఇయ్యేళ వస్తాడు."

సంగతంతా విన్న ఫసియుద్దీన్ నిక్కరు జేబుల్లోంచి చేతులు తీసి, ఛాతీ పొంగించి, భూనభోంతరాళములు దద్దరిల్లగా, లిఫ్టు బటన్లు వాటంతటవే వెలిగి ఆరిపోగా, ప్రతిజ్ఞ చేశాడు.

"ఆంటీ! మీరు జర కూడ పరేషాన్ గాకుండ్రి! సూర్యుడు పడమట పొడవనీ, రైలు లేటు రానీ, హాకర్ సెంటర్ల చాయ్ సల్లగా దొరకనీ! ఆ పిల్ల నోరు తెరిపియ్యక వాపస్ వస్తే నా పేరు ఫసియుద్దీన్ కాదు! మా మొహల్లాల నన్ను చూస్తే కుక్కలు గూడ ఉరుకుతుండె!"

"హౌ, ఉరుకుతుండె," అంది హుమా. "మీరు ముంగట, అవి ఎన్క."

ఆ తర్వాత వీరాలంకరణం. మొదట కృష్ణరోమకంచుకం, అంటే ఆ బొచ్చు అంగీ, ఒంటి మీద పడింది. అది మంచు దేశంలో మంచు మనుషుల కోసం కుట్టింది. ఆ క్షణం నుంచి ఫసియుద్దీన్ దేహం నుంచి స్వేదనదులు పొంగి ప్రవహించాయి. కింది అంతస్తువాళ్ళు తమ పైకప్పు కారుతోందని బకెట్లు పెట్టుకున్నారు. ఆ పైన బొచ్చు గిట్టల బూట్లు. ఆ పైన కొమ్ముల మాస్కు. బరిగె ఈ దీవిలో దొరకదు కాబట్టి హుమా కొబ్బరిపుల్లల చీపురు ఇచ్చింది. గంటకి బదులు స్టీలు గ్లాసు, చెంచా. పిల్లల్ని వేసుకుపోయే బుట్టకి బదులు నీలం రంగు బట్టల బుట్ట.

స్వేదసాగర ఫసియుద్దీన్ దండయాత్రకు బయల్దేరాడు. ఆ తలుపుకీ ఈ తలుపుకీ మధ్య నాలుగంగల దూరం. మొదటి అంగలోనే కొమ్ములు తన ఇంటి ద్వారబంధంలో ఇరుక్కున్నాయి. హుమా వెనక నుంచి తన్నినట్టు తోసింది. రెండో అంగలో ఎవరిదో చెప్పుల స్టాండు తగిలి కూలింది. మూడో అంగలో లిఫ్టు తెరుచుకుని, సంచీ నిండా ఆకుకూరలతో ఒక ముసలి చైనా పెద్దాయన దిగి, ఆ ఘోరరూపాన్ని పైకీ కిందికీ చూశాడు.

"వా, సో థిక్. యూ నాట్ హాట్ మెహ్?"

"వెరీ హాట్, అంకుల్," అంది ఆ రాక్షసాకారం లోపల్నుంచి, ఏడుపు గొంతుతో.

నాలుగో అంగకి వరలక్ష్మమ్మ తలుపు బార్లా తీసింది. గ్లాసు గణగణలాడింది. చీపురు గాలిలో సుడి తిరిగింది. "హూఁఁఁఁ!" అని క్రాంపసుడు గర్జించాడు. కిటికీ అద్దాలు అదిరాయి. సోఫాలో కునుకు తీస్తున్న రామదాసు ఉలిక్కిపడి, "వాషింగ్ మిషను ఆగిపోనాదేటి?" అని అడిగి మళ్ళీ పడుకున్నాడు.

భోజనాల బల్ల దగ్గర కూర్చున్న ధనశ్రీ తలెత్తింది. కొమ్ములు చూసింది. నాలుక చూసింది. చీపురు చూసింది.

"హలో అంకుల్," అంది.

అయ్యయ్యో! ఎంతటి మాట! ఈ దీవిలో వయసు మళ్ళిన ప్రతి మగవాడూ అంకులే. బస్సు నడిపేవాడు అంకుల్, చేపలమ్మేవాడు అంకుల్, ఎదురుగా నడిచొచ్చే ముక్కూమొహం తెలియనివాడు కూడా అంకుల్. ఒక్కసారి ఆ బిరుదు తగిలించాక ఇక భయమెక్కడిది? అంకుల్‌కి షుగరుంటుంది. అంకుల్‌కి నడుం నొప్పి ఉంటుంది. అంకుల్ ఎక్కడికెళ్ళినా కళ్ళజోడు మరిచిపోతాడు. మంచుకొండల్లో తరాల తరబడి పిల్లల్ని గడగడలాడించిన ఆ మహాభూతం, ఆ ఒక్క పిలుపుతో గాలి తీసిన బెలూన్‌లా అయిపోయింది.

"అంకుల్, షూస్," అంది ధనశ్రీ, గడప వైపు వేలు చూపించి.

క్రాంపసుడు గుమ్మం దగ్గర కూలబడి గిట్టలు విప్పాడు. లోపల మేజోడుకి చిల్లు, చిల్లులోంచి బొటనవేలు. అయినా పట్టు విడవకుండా లేచి నిలబడి, బుట్ట ఎత్తి పట్టుకుని గద్దించాడు. "ఎవర్రా ఈడ అన్నం తినని పిల్ల? ఈ బుట్టల ఏసుకొని పోత!"

"దిస్ వన్ లాండ్రీ బాస్కెట్, వాట్," అని ధనశ్రీ కుర్చీ దిగొచ్చి, బుట్ట కిందికి లాగి, తానే అందులో ఎక్కి కూర్చుంది. "పుష్ లా, అంకుల్. ఫాస్ట్ ఫాస్ట్."

వరలక్ష్మమ్మ నెత్తి కొట్టుకుంది. ఆ చెమటలోకంలో ఫసియుద్దీన్ ఏం చేయాలో తోచక బుట్టని ఒక చుట్టు తిప్పాడు. పిల్ల కిలకిలా నవ్వి, దిగి, ఆ ముఖంలోకి తేరిపార చూసింది.

"యూ బూచోడు, ఆ?"

"హౌ," అన్నాడు ఫసియుద్దీన్, కొంచెం ఆశతో.

"సో లేట్ వన్! ఎవ్రీడే ఐ వెయిట్ ఫర్ యూ." అని అతని బొచ్చుచేయి పట్టుకుని లాక్కెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. కంచంలో ఆఖరి ముద్ద పక్కనున్న టిష్యూ ప్యాకెట్టు తీసేసింది. "యువర్ వన్. కమ్, మాకాన్," అని తినమంది.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నవాడు భూతమైనా సరే, వరలక్ష్మమ్మ చెయ్యి ఊరుకోదు. ఆ ముద్ద ఎత్తింది. ధనశ్రీ రబ్బరు నాలుకని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. ముద్ద ఆ భయంకరవక్త్రగహ్వరంలోకి ప్రవేశించింది.

పొద్దున్నుంచి చాయ్‌లో ముంచిన బిస్కెట్ తప్ప ఏమీ ఎరగని కడుపు అది. వెన్నలాంటి పప్పు, పూసనెయ్యి, అంచున తగిలీ తగలని ఆవకాయ.

"ఆంటీ," అంది ఆ రాక్షసగొంతు మెత్తగా, "ఇంకోటి ఉందా?" అంటూనే పక్క ముద్ద మీదికి చెయ్యి చాచింది.

ఫట్! ధనశ్రీ ఆ బొచ్చుచేతి మీద ఒక్కటిచ్చింది. "నో! తాతా వన్!"

"మరి గిది?"

"డాడీ వన్!"

"ఇది?"

"మమ్మీ వన్! చోప్ ఆల్రెడీ, కెనాట్ సీ ఆ? దట్ వన్ క్యాట్ వన్!"

"అరె, పిల్లికి గూడ ఉందా!" ఫసియుద్దీన్ తన కర్తవ్యం, ప్రతిజ్ఞ అన్నీ మరిచిపోయి, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. "మరి నీదేది, బిడ్డా?"

ధనశ్రీ కంచం వైపు చూసింది. ఒక్కొక్క ప్యాకెట్టూ చూసుకుంటూ చుట్టూ తిరిగొచ్చింది. మళ్ళీ ఒకసారి చూసింది.

"మైన్ డోంట్ హావ్," అంది. గొంతులో ఇందాకటి పొగరు లేదు. "నాన్నమ్మ నెవర్ మేక్."

వరలక్ష్మమ్మ చెయ్యి అలాగే గాలిలో ఆగిపోయింది. చీకాకోలు ఒడ్డున ముత్తాత తిన్న కంచం నుంచి సెంబవాంగ్‌లో ఈ కంచం దాకా, తాతలకి కట్టారు, మేనత్తలకి కట్టారు, కాకులకీ పిల్లులకీ కట్టారు, కనబడని బూచోళ్ళకి కూడా కట్టారు. ఎదురుగా నోరు పెట్టుకుని కూర్చున్న పిల్ల పేరు మీద మాత్రం ఒక్క ముద్ద కట్టలేదు.

"ఓసి నా తల్లీ," అంది.

అంతే. కొత్తగా అన్నం పెట్టుకుంది. పప్పు వేసింది. నేతిగిన్నె వంచి, ఇక చాలనే ఆలోచన లేకుండా పోసింది. కలిపి, అరచేతిలో అటూ ఇటూ దొర్లించి, నిమ్మకాయంత ముద్ద చేసి, ఖాళీ అయిన బూచోడి చోట పెట్టింది.

"ఇది ధనశ్రీ ముద్ద. నీదేనే. ఇంకెవులిదీ కాదు."

మీటింగు ముగించుకుని, హెడ్‌ఫోన్ మెళ్ళో వేసుకుని తారాదేవి గదిలోంచి బయటికొచ్చింది. వచ్చి, తన కుర్చీలో కొమ్ములవాడు, వాడి పక్కన తన అత్తగారు, గుమ్మంలో హుమా, అందరూ ఊపిరి బిగబట్టి ఒక్క ముద్ద వైపే చూస్తుండడం చూసి తానూ నిలబడిపోయింది.

ధనశ్రీ ఆ ముద్దని చాలాసేపు చూసింది. ఆ తర్వాత, సకలలోకాలూ గగ్గోలెత్తగా, చెయ్యి చాచి బూచోడి టిష్యూ ప్యాకెట్టు అందుకుని, దాని పక్కన పెట్టింది.

వరలక్ష్మమ్మ కళ్ళు మూసుకుంది. ఫసియుద్దీన్ కొమ్ములు వాలిపోయాయి. "చూశారుగా అత్తయ్యా," అని నిట్టూర్చి తారాదేవి ఫోన్ తీసింది.

"వెయిట్ లా, మమ్మీ!" అని కసురుకుంది ధనశ్రీ. "బూచోడంకుల్ సో హంగ్రీ. లేటర్ హీ టేక్ మైన్, హౌ? ఐ చోప్ ఫస్ట్. దెన్ డ్రింక్ వాటర్. దెన్ ఈట్."

నీళ్ళు తాగింది. ఎంత నింపాదిగా తాగిందంటే, ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపు బస్టాపులోని చేపలకి బస్సు కూడా దొరికింది. గ్లాసు పెట్టింది. మూతి తుడుచుకుంది. ప్యాకెట్టు తీసి పక్కన పెట్టింది. నాన్నమ్మ వైపు తిరిగింది.

అప్పుడు తెరుచుకుంది ఆ నోరు! ఉగ్రయోధులెందరో కొట్టినా బీటవారని కోటతలుపు లోపలివాళ్ళే గడియ తీస్తే తెరుచుకున్నట్టు, పై పెదవి పైకీ, కింది పెదవి కిందికీ, నడుమ పాలపళ్ళు పహరా కాయగా, ఆ నోరు తెరుచుకుంది! వరలక్ష్మమ్మ వేళ్ళు లోపలికి వెళ్ళాయి, ఖాళీగా బయటికొచ్చాయి. ఎడమ బుగ్గ ఉబ్బింది. కుడి బుగ్గ ఉబ్బింది. నమిలింది. మళ్ళీ నమిలింది. గుటుక్కుమంది.

"నైస్," అంది.

తారాదేవి ఫోన్ చెవికి పెట్టుకుంది. "హలో, ధనశ్రీస్ మదర్ హియర్. జనవరి లంచ్ గురించి... నో నీడ్ లా." అని, తన నోట్లోంచి ఆ సింగపూరు 'లా' ఎలా వచ్చిందో అర్థంకాక తానే నవ్వేసింది. వరలక్ష్మమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, "ఆవకాయ ఘాటమ్మా," అంది, ఎవరూ అడక్కుండానే.

జయము! జయము! నగారాలు మోగించండి! సెంబవాంగ్ సంగ్రామంలో గరిటెహస్త వరలక్ష్మమ్మ, స్వేదసాగర ఫసియుద్దీన్‌తో కూడి, ఒక ముద్ద గెలిచింది! రెండు కాదు, ఒకటి! రెండో ముద్ద చూపించగానే ధనశ్రీ మళ్ళీ పెదాలు బిగించింది. ఆ ముద్ద క్రాంపసుడి పాలయింది, ఆ తర్వాతిది కూడా, ఆ తర్వాతిది కూడా. తాత ముద్ద మాత్రం తాత లేచి తానే తిన్నాడు. పిల్లి ముద్ద ఇంకా పిల్లి కోసం ఎదురుచూస్తోంది, ఆ ఇంట్లో పిల్లి లేదు.

ఈ కథ విన్నవారి ఇంట పిల్లలు ఒక ముద్ద తింటారు. చదివినవారి ఇంట మధ్యలో నీళ్ళడక్కుండా తింటారు. రెండో ముద్ద సంగతి అడగకండి. దానికి లోకంలో ఏ బూచోడూ పూచీ ఇవ్వడు.